తుపాకీ లేని మాటు

హెడ్లీ ఫోవార్గ్ నోట ‘రాలేను’ అన్న మాట బైక్రాఫ్ట్ ఇంటివాళ్ళు ఎప్పుడూ వినలేదు. పెద్దాయన ఏమస్ ఉన్నన్నాళ్ళూ ఆయన వినలేదు, ఆయన పోయాక కూతురు వెరిటీ వినలేదు. నలభై రెండు చలికాలాలుగా ఆ ఇంటి నుంచి ఫోను రావడం, “పావురాలు దిగాయి” అని వాళ్ళనడం, “వస్తున్నా” అని ఇతననడం, తుపాకీతో వెళ్ళి వాళ్ళ పంట మీద వాలినవాటిని కొట్టడం, అంతే. ఒక ఏడు నూట రెండు జ్వరంతో వెళ్ళి మంచులో కూర్చుని వచ్చాడు. అతని భార్య బెరిల్ ఆ సంగతి ఇప్పటికీ మర్చిపోలేదు, అతన్ని మర్చిపోనివ్వదు కూడా.

అందుకే ఫిబ్రవరి రెండో వారంలో ఒక పొద్దున వెరిటీ ఫోను చేసి, “హెడ్లీ అంకుల్, పెద్దమడి మీద దిగాయి. వెయ్యికి తక్కువుండవు. వెనకాల కాకులు కూడా తయారు” అనగానే, అతని నోరు అతన్ని అడక్కుండానే “వస్తున్నానమ్మాయ్” అనేసింది.

ఫోను పెట్టేసి వెనక్కి తిరిగితే బెరిల్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

“వెళ్ళి ఏం చేస్తావయ్యా? ఈల వేస్తావా?”

ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. హెడ్లీ దగ్గర తుపాకీ లేదు. అక్టోబరు నుంచీ లేదు.

ఆ అక్టోబరు సంగతి చెప్పాలి. కోత కోసిన గోధుమచేలో కొట్టిన పావురాలని పెరట్లో కూర్చుని ఈకలు పీకుతుంటే, ఒకదాని కాలికున్న సన్నటి కడియం బెరిల్ చేతికి తగిలింది. అది అడవి పావురం కాదు. అదే వీధిలో నాలుగో ఇంటి క్లెమెంట్ పెంచే పందెం పావురం. నలభై ఏళ్ళుగా ఆకాశంలో చుక్కలా కనపడ్డప్పుడే ఇది ఫలానా పిట్ట అని చెప్పే మనిషి, ముప్ఫై గజాల దూరంలో పెంపుడు పావురాన్ని పోల్చుకోలేకపోయాడు. హెడ్లీ దాన్ని టోపీలో పెట్టుకుని నడిచి వెళ్ళి క్లెమెంట్ తలుపు తట్టాడు. క్లెమెంట్ చాలాసేపు దాన్నే చూసి, “పోనీలే, ఇదెప్పుడూ అన్నిటికన్నా ఆఖర్నే వచ్చేది. ఈసారి అసలు రాలేదంతే” అన్నాడు. అంత మంచి మాట ఆ పూట ఇంకెవరూ అని ఉండరు.

ఆ వారమే కళ్ళ డాక్టరు చెప్పాడు. కుడికన్ను నడిమధ్యలో చూపు పోయింది, ఎడమది కూడా అదే దారి పడుతోంది. ఎదురుగా చూస్తే మనిషి మొహం ఉండాల్సిన చోట బూడిదరంగు మరక. కాస్త పక్కకి చూస్తే చెవులూ భుజాలూ కనపడతాయి. హెడ్లీ ఎవరూ చెప్పకుండానే రెండు తుపాకులూ పట్నంలో ఇచ్చేసి, లైసెన్సు కాగితం వాపసు చేసి వచ్చాడు. క్లెమెంట్ దగ్గర ఎవరికీ చెప్పనని మాట తీసుకున్నాడు. వీధిలో ముసలమ్మలకి ప్రతి శుక్రవారం కాగితంలో చుట్టి ఇచ్చే పావురం మాంసం ఆగిపోయింది. వాళ్ళడిగితే, “ఈ ఏడు పిట్టలు తక్కువ” అని అబద్ధమాడాడు. తలపైన గుంపులు గుంపులుగా ఎగిరిపోతుంటే కూడా అదే మాట.

వెరిటీకి చెప్పేస్తే ఏం పోయింది అంటారా? చాలా పోతుంది. మా పల్లపు సీమలో ఒక కమతం మీద వాలే పావురాలు ఒక్క మనిషివే. కాగితం ఉండదు, సంతకం ఉండదు. ఎప్పుడో ఒక రైతు గేటు దగ్గర నిలబడి “సరే, రా” అంటాడు, ఆ మాట మీద జీవితం గడిచిపోతుంది. పిలిచినప్పుడు వెళ్ళినన్నాళ్ళే ఆ మాట నిలుస్తుంది. వెళ్ళలేని రోజు ఇంకొకడు కాలు పెడతాడు, ఇక అది వాడిది. రెండేళ్ళుగా పట్నం కుర్రాళ్ళు కొందరు ఆకులూ కొమ్మలూ రంగులేసిన ట్రక్కులో వచ్చి వెరిటీ గేటు దగ్గర పళ్ళికిలిస్తూనే ఉన్నారు. హెడ్లీకి తుపాకీ లేదని తెలిసిన సాయంత్రానికి ఆ చేను వాళ్ళదవుతుంది.

ఆ చేను లేకపోతే హెడ్లీకి ఏముంది చెప్పండి. వాళ్ళ నాన్న పారతో డ్రెయిన్లు తవ్వాడు, ఇతను ముప్ఫై తొమ్మిదేళ్ళు యంత్రం మీద కూర్చుని అవే డ్రెయిన్లలో పూడిక తీశాడు. బురద తీసేవాడి పేరు ఎవరు గుర్తు పెట్టుకుంటారు? కానీ “పావురాల ఫోవార్గ్” అంటే పది మైళ్ళ ఇవతలా అవతలా ఎవరైనా చెబుతారు. గాలి ఎటు తిరిగితే గుంపు ఎటు దిగుతుందో, ఏ చేలో ఎన్నింటికి ఆకలేస్తుందో అతన్నడిగి తెలుసుకునేవాళ్ళు. పిల్లా జెల్లా లేని ఆ ఇంట్లో అతనికి ఉన్న ఆస్తి అదే.

“ఊరికే వెళ్ళి చప్పట్లు కొట్టి తోలేసి వస్తా,” అన్నాడు బెరిల్‌తో బూట్లు వేసుకుంటూ. “ఈ ఒక్క రోజుకీ గండం గడవనీ.”

“రేపో?”

“రేపటి సంగతి రేపు.”

“నీ కళ్ళకి మరక పడిందనుకున్నా. బుర్రకి కూడా పడింది,” అంది బెరిల్. అంటూనే రొట్టె మధ్యలో జున్నూ ఊరగాయా పెట్టి సంచీలో పడేసింది.

తోపుడుబండిలో వల, కర్రలు, బోర్లించుకు కూర్చునే బకెట్టు, మూడు డజన్ల దీమం పిట్టలూ వేసుకుని డ్రెయిను గట్టు వెంట నడిచాడు. దీమం పిట్టలంటే నిజం పావురాలని ఆశపెట్టి దింపే ప్లాస్టిక్ బొమ్మలే, ఒక్కొక్కటీ ఒక సన్నటి పుల్ల మీద ఊగుతుంది. బండిలో అవి ఎందుకేశాడని అడిగితే అతను చెప్పలేకపోయేవాడు. చప్పట్లకి బొమ్మలెందుకు? కానీ చేనుకి వెళ్ళేటప్పుడు బండి నింపుకోవడం ఆ చేతులకి నలభై రెండేళ్ళ అలవాటు.

పెద్దమడి నలభై ఎకరాలు. నూనె తీసే ఆవచేను. మంచు కింద ఆకు ఇంకా నేలని కరుచుకునే ఉంది. దాని మీద బూడిదరంగు దుప్పటి పరిచినట్టు పావురాలు. అతను గేటు తీసేసరికి అన్నీ ఒక్కసారిగా లేచి తూర్పున పాప్లర్ తోపులోకి పోయాయి. అప్పుడు చప్పట్లు కొట్టాల్సిన పని కూడా లేకపోయింది. వెళ్ళిపోవచ్చు. కానీ అరగంటలో అవి మళ్ళీ వస్తాయి, అతనికి తెలుసు. సరే ఉందాం అనుకున్నాడు. ఉండాలంటే మాటు ఉండాలి కదా అని కంచె పక్కన కర్రలు పాతి, తను కనపడకుండా వల కట్టాడు. మాటు ఉన్నాక ముందు ఖాళీగా ఉంటే బాగోదు కదా అని బొమ్మలు దింపాడు. గాలి వీపు వైపు ఉండేలా చూసుకుని, బొమ్మల ముక్కులు గాలికి ఎదురుగా తిప్పి, గుర్రపు నాడా ఆకారంలో పెట్టి, మధ్యలో పిట్టలు వాలడానికి చోటు వదిలాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. బుర్ర పక్కన నిలబడి చూసింది.

మొదట ఐదు వచ్చాయి. తరవాత యాభై. పావుగంటలో లెక్క తప్పింది. బొమ్మల మీదకి వచ్చి, రెక్కలు బిగబట్టి, కాళ్ళు చాపి దిగుతున్నాయి. ఆ బిగబట్టిన క్షణంలోనే అతను లేచి కాల్చేవాడు. దాని తరవాత ఏం జరుగుతుందో నలభై రెండేళ్ళలో ఒక్కసారీ చూడలేదు. ఎదురుగా చూస్తే మాయమవుతున్నాయి కాబట్టి మెడ కాస్త వాల్చి ఓరగా చూస్తూ కూర్చున్నాడు. దిగాక ఒళ్ళు దులుపుకుంటున్నాయి. ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఒక లావుపాటి పావురం బొమ్మతో పోట్లాడి, అది కదలకపోయేసరికి గెలిచాననుకుని ఛాతీ విరుచుకుంది. హెడ్లీకి నవ్వొచ్చింది. చప్పట్ల మాట మరిచేపోయాడు.

అక్కడ వెరిటీ వంటింట్లో చెవులు రిక్కించుకుని ఉంది. హెడ్లీ మాటులో కూర్చుంటే పది నిమిషాలకొకసారైనా తుపాకీ చప్పుడు వినపడాలి. గంటన్నర అయింది, చడీ చప్పుడూ లేదు. ముసలాయన పడిపోయాడేమోనని ఏప్రాన్ కూడా విప్పకుండా పరిగెత్తుకొచ్చింది. గేటు దగ్గరకొచ్చి చూసేసరికి ఆమె చేలో ఎప్పుడూ లేనంత గుంపు.

“హెడ్లీ అంకుల్! బతికే ఉన్నావా?”

మాటులోంచి తల పైకి లేచింది. పావురాలు కూడా లేచాయి.

“ఉన్నానమ్మాయ్.”

“తుపాకీ మొరాయించిందా?”

“లేదు.”

“తూటాలు మర్చిపోయావా?”

“లేదు.”

“మరి? నా చేలో పంక్తి వేయించి, వెయ్యిమందికి భోజనాలు పెట్టి, పక్కన కూర్చుని వడ్డన చూస్తున్నావా?”

హెడ్లీ వల పక్కకి తీసి బయటికొచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆమె మొహం వైపు చూశాడు గానీ అక్కడ మరకే ఉంది. కోపంగా ఉందో నవ్వుతోందో తెలియలేదు. ఆ తెలియకపోవడంతోనే చెప్పేశాడు. కన్ను, క్లెమెంట్ పావురం, ఇచ్చేసిన తుపాకులు, అన్నీ.

“ఎప్పట్నుంచి?”

“అక్టోబరు.”

“నాలుగు నెలలు! నాకు చెప్పాలనిపించలేదా నీకు?”

“చెబితే ఆ ట్రక్కు వాళ్ళకి గేటు తెరుస్తావు. తెరవాలి కూడా. నీ పంట నీకు ముఖ్యం. ఇవాళ నేను చేసింది చూశావుగా. దొంగలకి దారి చూపించి దీపం కూడా పట్టుకున్నాను. తిట్టమ్మా, పడతాను. బొమ్మలు సర్దుకుని వెళ్ళిపోతా.”

వెరిటీ తిట్టలేదు. అటు తిరిగి చేను వైపు చూస్తోంది. మనుషులిద్దరూ నిటారుగా నిలబడి మాట్లాడుకుంటుండగానే, నాడా చివరి కొసన నలభై, యాభై పావురాలు మళ్ళీ దిగి మేస్తున్నాయి.

“మనం కనపడుతున్నా వచ్చేస్తున్నాయేంటి ఇవి?”

“బొమ్మలున్నాయిగా. తమ వాళ్ళు నిశ్చింతగా తింటున్నారనుకుంటాయి.”

“ఇవి బెదురుతాయని గ్యాస్ గొట్టం పెట్టి నెలైంది, ఢాం ఢాం అని నా చెవులు పోయాయి గానీ ఇవి పోలేదు. నువ్వేమో ముప్ఫై బొమ్మలు పెట్టి, ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చోబెడుతున్నావు.”

“అదే కదమ్మా పని. కాల్చడం ఎవడైనా కాలుస్తాడు.”

అన్నాక ఆ మాట తనకే కొత్తగా వినిపించింది. వెరిటీ చేయి చాపి పడమటి వైపు చూపించింది. పెద్దమడి దాటాక డ్రెయిను పక్కన నాలుగెకరాల మూల, డిసెంబరు నుంచీ నీళ్ళు నిలిచి మొక్క పండుబారిపోయింది.

“అది ఎలాగూ కొయ్యను. రేపు నీ బొమ్మలు అక్కడ పెట్టు. ఇటు నేను గొట్టం పేలుస్తా, కుక్కని తిప్పుతా. అన్నిటినీ అక్కడికి లాగెయ్. లాగగలవా?”

హెడ్లీ ‘వస్తున్నా’ అనలేదు ఈసారి. “చూద్దాం” అన్నాడు.

ఇంటికెళ్ళాక అతన్ని ఒకటే పురుగు తొలిచింది. చిన్నపిల్లాడు ఏడవకుండా చేతిలో గరిటె పెట్టినట్టు, జాలిపడి తనకా మూల ఇచ్చిందేమో.

“జాలా?” అంది బెరిల్. “గొర్రెలు ఈనుతున్న రోజుల్లో ఆ పిల్లకి జాలిపడే తీరిక కూడా ఉందా? పని చెప్పింది. చెయ్యి.”

మొదటిరోజు ముప్ఫై పావురాలు వచ్చి పోయాయి. మిగతావి గొట్టం పేలినప్పుడు లేచి, సద్దుమణిగాక మళ్ళీ పెద్దమడి మీదే దిగాయి. రెండోరోజు ఇంకా తక్కువ. సాయంత్రం బండి తోసుకుంటూ గేటు దగ్గర వెరిటీకి ఎదురుపడితే హెడ్లీ తల దించుకున్నాడు. ఆమె, “ఎల్లుండి వాన ఉందట, కోటు తెచ్చుకో” అంది. రేపు రావద్దు అనలేదు. ఆ ఒక్క మాటకి అతను దారి పొడుగునా ఆమెకి మనసులో దండం పెట్టుకుంటూ వచ్చాడు.

మూడోరోజుకి గానీ తన తప్పు తెలిసిరాలేదు. కాల్చేవాడి పద్ధతిలోనే ఇంకా బొమ్మలు పెడుతున్నాడు. కాల్చేవాడు మాటు ముందు ఖాళీ వదులుతాడు, పిట్ట అక్కడికే వచ్చి తూటాకి అందాలని. ఇప్పుడు తూటా ఎక్కడిది? కాల్చేవాడు రోజూ బొమ్మల వరస మారుస్తాడు, నిన్న చావు చూసిన పిట్టలు అదే వరస చూస్తే బెదురుతాయని. ఇప్పుడు చావు ఎక్కడిది? హెడ్లీ బొమ్మల్ని నాలుగెకరాలకీ పలచగా పరిచాడు, మళ్ళీ ముట్టుకోలేదు. అటకమీంచి పాత కాకిబొమ్మలు మూడు దింపి గట్టు మీద కాస్త ఎడంగా నిలబెట్టాడు. కాకి అంత అనుమానపు జీవి ఇంకోటి లేదు. మనిషి మొహం తెల్లగా మెరిస్తే చాలు, అర మైలు దూరం నుంచే తిట్టుకుంటూ వెళ్ళిపోతుంది. అలాంటి కాకి తీరిగ్గా కూర్చున్న చోట పావురాలకి ఇక భయమేమిటి?

ఆ మధ్యాహ్నం నిజం కాకులు రెండొచ్చి బొమ్మకాకుల పక్కన వాలాయి. వాటి వెనకాల రెండొందల పావురాలు.

అప్పట్నుంచి లెక్క తిరగబడింది. తుపాకీ ఉన్న రోజుల్లో రెండోనాడు పిట్టలు తగ్గేవి, మూడోనాడు ఇంకా తగ్గేవి. ఇప్పుడు నిన్న కడుపు నిండినవి ఇవాళ చుట్టాల్ని వెంటేసుకొస్తున్నాయి. హెడ్లీ మాటులో కూర్చుని రొట్టె తింటూ వాటిని ఓరచూపుతో పలకరిస్తున్నాడు. బొమ్మతో గెలిచిన ఆ లావుపాటిది వచ్చిందా లేదా అని వెతుక్కుంటున్నాడు. ఇన్నేళ్ళూ తనకి తిండి పెట్టి, పేరు పెట్టి, బైక్రాఫ్ట్ గేటు తెరిపించింది ఇవే కదా అని మొదటిసారి తోచింది. వాటి రుణం ఏ రకంగానూ తీర్చుకోలేదని కూడా తోచింది.

పదకొండో రోజు పొద్దున వెరిటీ మాటు దగ్గరకొచ్చింది.

“జరుగు అంకుల్. నేనూ కూర్చుంటా.”

“ఆ మొహంతోనా? ఓరగా చూసే నాకే వెన్నెల్లా మెరుస్తోంది. ఇదిగో, వల కప్పుకో.”

ఆమె మొహం మీద వల ముక్క కప్పుకుని పక్కన నేల మీదే కూర్చుంది.

“గొట్టం కట్టేసి వచ్చా. కుక్కని కూడా కట్టేశా.”

హెడ్లీ గబుక్కున ఆమె వైపు తిరిగాడు. గొట్టం లేదు, కుక్క లేదు. అంటే ఇవాళ నలభై ఎకరాల పచ్చటి ఆకుకీ కాపలా లేదు. తోపులోంచి లేచిన గుంపు ఈ మూలకి రావాలంటే ఆ నలభై ఎకరాల మీదుగానే రావాలి. కింద మంచి ఆకు ఉండగా ఈ పండుబారిన మూలకి ఎందుకొస్తాయి? ఇవాళ అవి అక్కడ దిగిపోతే, పది రోజులుగా పనిచేసింది గొట్టమూ కుక్కా అని తేలిపోతుంది. బొమ్మల మనిషి ఇంటికెళ్ళి పొయ్యి దగ్గర కూర్చోవచ్చు.

“ఎందుకు చేశావమ్మాయ్ ఇలా?”

“నాకు తెలియాలి. నీకు అంతకన్నా ఎక్కువ తెలియాలి.”

కాసేపటికి తూర్పున జోరుగా వాన కురిసినట్టు చప్పుడైంది. రెక్కలు. హెడ్లీ తల అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. అంత దూరంలో పక్కచూపు కూడా అందలేదు.

“లేచాయా?”

“లేచాయి. బోలెడు. తోపు దాటాయి.”

“ఎత్తుగా ఉన్నాయా, కిందకా?”

“కొంచెం కిందకే. పెద్దమడి అంచు మీదకొచ్చాయి.”

హెడ్లీ కళ్ళు మూసుకున్నాడు. ఎలాగూ కనపడనప్పుడు తెరిచి ఉంచి ఏం లాభం.

“దిగాయా?”

“లేదు. మధ్యకొచ్చాయి.”

“ఒక్కటీ దిగలేదా?”

“ఒక్కటీ దిగలేదు, అంకుల్.” ఆమె చేయి అతని మోచేతిని పట్టుకుంది. “కిందకి చూడను కూడా చూడట్లేదు. అదిగో, కొస దాటేశాయి. మన వైపే.”

చప్పుడు పెద్దదై తలపైకొచ్చింది. బొమ్మల మీద గాలి కొట్టి పుల్లలు టిక్ టిక్ మన్నాయి. హెడ్లీ కళ్ళు తెరిచాడు. నడిమధ్యలో ఎప్పటి మరకే, దాని చుట్టూ మాత్రం ఎటు చూసినా రెక్కలు.

పదిరోజులుగా చెప్పాలనుకుని కూడదీసుకుంటున్న మాటలన్నీ ఒక్కసారిగా పైకొచ్చాయి. ఏమస్ గురించి, గేటు గురించి, ఆ రోజు తిట్టకుండా చేయి చాపి ఈ మూల చూపించినందుకు.

“వెరిటీ, నువ్వు నాకు చేసిన ఈ మేలు...”

“ష్,” అంది వెరిటీ, వల కిందనుంచి. “మేలు నాదో నీదో తరవాత తేల్చుకుందాం. దిగుతున్నాయి. కదలకు.”

హెడ్లీ నోరు మూసుకున్నాడు. కన్నీళ్ళు కారి చలికి చెంప మీద మంట పుడుతుంటే, తుడుచుకోవడానికి కూడా చేయి ఎత్తలేదు. పావురాలు తినడం పూర్తయ్యేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.